గోడ నిలబెట్టినవాని కూలి: ఇస్లామీయ చరిత్రలో నిర్మాణ కార్మికుడు

దివ్య ఖుర్ఆన్‌లోని కహఫ్ సూరాను ప్రతి శుక్రవారం పారాయణం చేసే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. హజ్రత్ మూసా అలైహిస్సలాం, హజ్రత్ ఖిజర్‌ల ప్రయాణ వృత్తాంతం ఆ ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. ఆ వృత్తాంతం చివరి ఘట్టంలో ఇద్దరూ ఒక ఊరు చేరుకుంటారు. ఊరివారు అతిథులకు అన్నం పెట్టడానికి నిరాకరిస్తారు. అదే ఊళ్ళో కూలబోతున్న ఒక గోడ కనిపిస్తే హజ్రత్ ఖిజర్ దాన్ని సరిచేసి నిలబెడతారు. తలచుకుంటే ఈ పనికి కూలి పుచ్చుకుని ఉండవచ్చు గదా అని మూసా (అ) అంటారు. వ్యాఖ్యాతలలో ఎక్కువమంది ఆ గోడ కింద ఉన్న అనాథల నిధిని గురించి, మానవునికి అందని దైవజ్ఞానాన్ని గురించి విపులంగా వ్రాశారు. ఇమామ్ బుఖారీ (రహ్మతుల్లాహి అలైహి) దృష్టి మాత్రం కూలి మాట మీద కూడా నిలిచింది. తన సహీహ్‌లోని ఇజారా ప్రకరణంలో, కూలబోయే గోడను నిలబెట్టడానికి మనిషిని కూలికి కుదుర్చుకోవడం చెల్లుతుందని ఆయన ఒక అధ్యాయమే ఏర్పరచి, దానికి ఈ ఘట్టాన్నే ఆధారంగా చూపారు. తాపీ పనివాని కూలి ఈ విధంగా హదీసు గ్రంథాలలో అత్యంత ప్రామాణికమైన దానిలో చోటు సంపాదించుకుంది.

ఇజారా అంటే ప్రతిఫలానికి సేవనో, వస్తువు వినియోగాన్నో అప్పగించే ఒప్పందం. ప్రతిఫలం ఎంతో ముందుగా తెలిసి ఉండాలనేది దాని మొదటి షరతు. పని పూర్తయ్యాక చూద్దాం, ఇచ్చింది పుచ్చుకో అనే ఒప్పందాన్ని ఫఖీహులు లోపభూయిష్టమైనదిగా భావించారు. అటువంటి సందర్భంలో ఆ ఊళ్ళో ఆ పనికి సాధారణంగా ముట్టే కూలిని, అంటే అజ్రె మిస్ల్‌ను, పనివానికి ఇప్పించాలన్నారు. చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవచనం ఇబ్ను మాజాలో ఉంది. దాని సనదులపై హదీసు విద్వాంసులు చర్చించినా భావాన్ని తోసిపుచ్చినవారు లేరు. అంతకంటె బలమైన ఉల్లేఖనం బుఖారీలోనిది. ప్రళయదినాన అల్లాహ్ స్వయంగా ప్రతివాదిగా నిలబడే ముగ్గురిలో, పూర్తిగా పని చేయించుకుని కూలి ఎగవేసినవాడు ఒకడని దైవప్రవక్త (స) తెలిపారు.

ఇది నీతిబోధగానే మిగిలిపోకుండా పాలనా యంత్రాంగంలోకి ఎలా వచ్చిందో అల్ మావర్దీ గ్రంథం వల్ల తెలుస్తుంది. హిజ్రీ అయిదవ శతాబ్దానికి చెందిన ఆ బాగ్దాద్ న్యాయవేత్త, యజమాని కూలి తగ్గించినా, ఒప్పుకున్నదానికంటె ఎక్కువ పని చేయించినా అడ్డుకోవలసిన బాధ్యతను ముహ్తసిబ్‌కు అప్పగించాడు. ముహ్తసిబ్ అంటే బజారులో తూనికలు కొలతలు తనిఖీ చేసే అధికారి. అతడు ఖాజీ కాడు. కూలివాడు దావా వేసి నెలల తరబడి తిరగనక్కరలేదు, బజారులోనే మొర పెట్టుకోవచ్చు. ఈ తేడా చిన్నది కాదు. రోజు కూలి మీద బ్రతికేవానికి న్యాయం ఆలస్యంగా దొరికితే ఆ పూట పొయ్యి వెలగదు.

సిద్ధాంతం ఇలా ఉండగా లెక్కల పుస్తకాలు ఏమి చెబుతున్నాయి? నిర్మాణపు కూలి రేట్లు నమోదైన మహానగరాలలో బాగ్దాద్ ఒకటి. అబ్బాసీ ఖలీఫా మన్సూర్ హిజ్రీ 145లో, అంటే క్రీ.శ. 762లో, ఆ నగర నిర్మాణం ఆరంభించాడు. షామ్, మోసుల్, కూఫా, వాసిత్, బస్రాల నుంచి పనివారిని రప్పించాడు. ఖతీబ్ బగ్దాదీ అందించిన వివరాల ప్రకారం మేస్త్రికి, అంటే ఉస్తాద్‌కు, రోజుకు ఒక ఖీరాత్ వెండి, కూలివానికి రెండు నుంచి మూడు హబ్బాలు ముట్టేవి. ఆ రోజులలో ఒక గొర్రె ఒక దిర్హమ్‌కు, అరవై రతళ్ళ ఖర్జూరం ఒక దిర్హమ్‌కు వచ్చేవని కూడా ఆ ఉల్లేఖనాలు చెబుతాయి. కూలివానికి అక్కడ వాడిన పేరు ‘రూజ్‌కారీ’. పార్సీలోని ‘రోజ్’ ఇందులో ఉన్నది. తెలుగువారు ‘రోజు కూలి’ అన్నప్పుడు పలికే రోజు కూడా అదే. ఇక ‘ఉస్తాద్’ తెలుగులోకి ‘వస్తాదు’గా వచ్చి తాలింఖానాకు పరిమితమైపోగా, గోడ దగ్గర నిలబడే పెద్దకు పోర్చుగీసు నుంచి వచ్చిన ‘మేస్త్రి’ పేరు స్థిరపడింది.

బాగ్దాద్ నిర్మాణంలో ఇంకొక సంగతి ఉన్నది. ఖాజీ పదవిని నిరాకరించిన ఇమామ్ అబూ హనీఫా (రహ్)ను మన్సూర్ ఇటుకల తయారీ, లెక్కింపు పర్యవేక్షణకు పెట్టాడని తబరీ ఉల్లేఖించాడు. ఇటుకలను ఒక్కొక్కటిగా లెక్కించడానికి బదులు పేర్చిన కుప్పను వెదురు బద్దతో కొలిచి సంఖ్య తేల్చే పద్ధతిని ఆయనే మొదలుపెట్టాడట. ఇమామ్ గారి మేధాశక్తికి నిదర్శనంగా ఈ కథను చెప్పుకోవడం పరిపాటి. ఇటుకలు కోసేవాని వైపు నుంచి చూస్తే ఇందులో మరొక అర్థం కనిపిస్తుంది. లెక్క మీద కూలి ముట్టే పనిలో లెక్క తప్పితే నష్టపోయేది ఎక్కువగా కూలివాడే. ఎవరైనా వచ్చి మళ్ళీ కొలిచి చూడగల పద్ధతి ఖజానాకు ఎంత మేలో అతనికీ అంత మేలు.

భారతదేశానికి వస్తే అబుల్ ఫజల్ రచించిన ఆయీనె అక్బరీలో నిర్మాణ పనివారి రేట్ల పట్టికే ఉన్నది. నిజాయితీ అరుదైపోయిందని, అందువల్ల పాదుషా ఇరుపక్షాల లాభనష్టాలు విచారించి సామగ్రి ధరలు నిర్ణయించాడని ఆ భాగంలో చెప్పుకున్నాడు. 40 దాములు ఒక రూపాయి. సున్నపు పని చేసే గిల్కారులకు తరగతిని బట్టి రోజుకు 7, 6, 5 దాములు. వడ్రంగులలో మొదటి తరగతికి 7, అయిదవ తరగతికి 2. బేల్దారులకు మూడున్నర, మూడు. అడుసుకూ సున్నానికీ నీళ్ళు మోసేవానికి 2 దాములు. అదే గ్రంథం గోధుమల ధరను మణుగుకు 12 దాములుగా చూపింది. అక్బరీ మణుగు ఇప్పటి తూకంలో సుమారు 25 కిలోలు గనుక, నీళ్ళు మోసినవాని దినకూలికి నాలుగు కిలోల గోధుమలు వస్తాయి, మొదటి తరగతి వడ్రంగికి పద్నాలుగు కిలోలు దాటుతాయి. ఇవి దర్బారు నిర్ణయించిన రేట్లన్నది మరువరాదు.

ఆ పట్టికలో అందరూ దాటవేసే ఒక పంక్తి ఉన్నది. బావులలో మునిగి పూడిక తీసే గోతాఖోర్‌కు ఎండకాలంలో రోజుకు 3 దాములు, చలికాలంలో 4 దాములు. పని అదే, బావి అదే. నీళ్ళు చల్లబడినందుకు మూడవ వంతు అదనం. కష్టానికి, ప్రమాదానికి వేరుగా వెల కట్టాలన్న ఆలోచన పదహారవ శతాబ్దపు రాజ్యాంగ గ్రంథంలో స్పష్టంగా నమోదైంది. అయితే బావి తవ్వేవానికి ఈ వివేచన వర్తించలేదు. అతనికి తవ్విన గజానికి 2 దాములు, ఒకటిన్నర, ఒకటింబాతిక అని తరగతులున్నాయే తప్ప లోతుకు పోయినకొద్దీ పెరిగే భయానికి లెక్క లేదు.

అక్బర్ కాలానిదే మరొక సాక్ష్యం కాశ్మీరులో ఉన్నది. శ్రీనగర్ హరి పర్వతం చుట్టూ కట్టిన నాగర్‌నగర్ కోట ద్వారం మీది పార్సీ శాసనం, హిజ్రీ 1006 నాటిది, ఖజానా నుంచి ఒక కోటీ పది లక్షలు పంపినట్లు, హిందూస్థాన్ నుంచి రెండు వందల మంది ఉస్తాదులు వచ్చినట్లు చెబుతుంది. అక్కడ ఎవరి చేతా బేగారు చేయించలేదని, అందరూ ఖజానా నుంచి సొమ్ము పొందారని కూడా ప్రకటిస్తుంది. పాదుషా ఔదార్యానికి ఈ శాసనాన్ని ఉదాహరించడం మామూలు. కాని కూలి ఇచ్చి పని చేయించామన్న సంగతి రాతి మీద చెక్కించుకోవలసిన గొప్ప అయినదంటే, మిగిలిన కోటలు ఎలా లేచాయో ఊహించవచ్చు. షరీఅత్‌లో వేతనం తెలియని ఒప్పందమే లోపమైనప్పుడు, ఒప్పందమే లేని బేగారుకు చోటెక్కడ?

ఇస్తాంబుల్‌లోని సులైమానియా మసీదు సముదాయం విషయంలో ఊహలతో పని లేదు. 1550లో పునాది పడి 1557లో ప్రారంభమైన ఆ నిర్మాణపు వారం వారం జమాఖర్చుల దఫ్తర్లు ఉస్మానియా భాండాగారంలో నిలిచి ఉన్నాయి. టర్కీ చరిత్రకారుడు ఓమర్ లుత్ఫీ బర్కాన్ వాటిని పరిశోధించి 1972లో ఒక సంపుటం, 1979లో మరొకటి అంకారాలో ప్రచురించాడు. ఎవరు ఏ పని చేశారు, ఏ ఊరివారు, ఎన్ని రోజులు, ఎంత కూలి అన్న వివరాలు ఇంత విస్తారంగా మిగిలిన నాటి కట్టడాలు ప్రపంచంలోనే తక్కువ. పేర్లు నమోదైన పనివారు మూడున్నర వేల మంది పైచిలుకు. వారిలో సుమారు సగం మంది క్రైస్తవులు. ఖలీఫా పేర వెలసిన మసీదు గోడలను గ్రీకు, ఆర్మీనియన్ మేస్త్రిలు కూడా లేపారు. నేర్పరికి రోజుకు సుమారు 10 ఆక్చెలు, మామూలు కూలికి అందులో సుమారు సగం ముట్టాయి.

దఫ్తర్లు మరొక సంగతి కూడా దాచలేదు. మొత్తం పనిదినాలలో స్వేచ్ఛగా కూలికి వచ్చినవారివి సుమారు 55 శాతం. 40 శాతం అజమీ ఓగ్లాన్లవి, అంటే దేవ్‌షిర్మే పద్ధతిలో బాల్కన్ గ్రామాల క్రైస్తవ కుటుంబాల నుంచి తీసుకువచ్చి సైనిక శిక్షణలో ఉంచిన యువకులవి. వీరికి ముట్టింది బజారు కూలి కాదు, స్వల్పమైన భత్యం. మిగిలిన 5 శాతం ఓడల తెడ్లు వేసే బానిసలవి. ఇస్లామీయ నిర్మాణకళను పొగిడే పుస్తకాలు 55 శాతాన్ని చెప్పి ఊరుకుంటాయి, నిందించే పుస్తకాలు 45 శాతాన్ని చెప్పి ఊరుకుంటాయి. బర్కాన్ రెండూ అచ్చు వేశాడు. చరిత్ర వ్రాసేవాని అమానత్ అంటే అదే.

ఆ అజమీ ఓగ్లాన్ల వ్యవస్థ నుంచే శిక్షణ ప్రస్తావన వస్తుంది. సులైమానియా శిల్పి సినాన్ కైసేరి ప్రాంతపు అగిర్నాస్ గ్రామంలో పుట్టి, దేవ్‌షిర్మేలోనే వచ్చినవాడు. వడ్రంగం నేర్చి, సేనలో వంతెనలు, పడవలు నిర్మించి, యాభై ఏళ్ళ వయసు సమీపిస్తుండగా ప్రధాన శిల్పి అయ్యాడు. చనిపోయే వరకూ, అంటే 1588 వరకూ, ఆ పదవిలో కొనసాగాడు. అతని ఉన్నతి బలవంతపు వ్యవస్థకు సమర్థన కాజాలదు. కాని పనిముట్టు పట్టినవానికే ప్రణాళిక గీసే అధికారం అందిన మార్గం అక్కడ తెరిచి ఉండేది. బజారులో మాత్రం ఉస్తాద్, షాగిర్ద్ సంబంధమే పాఠశాల. షాగిర్ద్ ఏళ్ళ తరబడి సేవ చేసి, పనితనం నిరూపించి, నడుముకు పట్టీ కట్టించుకుని ఉస్తాదుల వరుసలో చేరేవాడు.

ఈ సంప్రదాయానికి మూలం మస్జిదె నబవీ ప్రాంగణంలోనే ఉన్నది. మదీనాలో మసీదు కడుతున్నప్పుడు యమామా నుంచి వచ్చిన తల్ఖ్ బిన్ అలీ (రజి) పార పట్టి మట్టి కలపడం దైవప్రవక్త (స)కు నచ్చింది. మట్టి పని ఆయనకే విడిచిపెట్టమని, అందులో ఆయన అందరికంటె నేర్పరి అని వారు సహచరులతో అన్నారు. ఇటుకలు మోయడంలో అందరూ సమానమే, దైవప్రవక్త (స) కూడా మోశారు. మట్టి కలిపే దగ్గర మాత్రం వంశం చూడలేదు, ముందు ఇస్లాం స్వీకరించిందెవరని చూడలేదు, చేతి నేర్పును చూశారు.

చేతి నేర్పు, శాస్త్రజ్ఞానం ఒకే మనిషిలో కలిసిన సందర్భం హిజ్రీ ఎనిమిదవ శతాబ్దపు ట్యునీసులో కనిపిస్తుంది. ఇబ్నుర్ రామీ అనే ఆయన వృత్తిరీత్యా తాపీ మేస్త్రి. పొరుగువారి గోడ తగాదాలలో, కారే కప్పులు, పాడుబడిన కాలువల వివాదాలలో నగర ఖాజీ ఆయనను పంపి చూచిరమ్మనేవాడు. అలా చూచివచ్చిన అనుభవాన్ని మాలికీ ఫిఖహ్‌తో జోడించి కట్టడాల నియమాల మీద ఆయన ఒక గ్రంథం వ్రాశాడు. మద్రసాలలో ఫిఖహ్ చదివినవారు గోడల గురించి వ్రాసిన పుస్తకాలు చాలా ఉన్నాయి. గోడ కట్టినవాడే ఫిఖహ్ వ్రాసిన పుస్తకం ఇది. ఇబ్ను ఖల్దూన్ కూడా తన ముఖద్దిమాలో, న్యాయమూర్తులు ఇటువంటి వ్యవహారాలలో నిర్మాణ వృత్తివారి మాట మీదనే ఆధారపడతారని గుర్తించాడు.

వేతనం విషయంలో ఇంత స్పష్టంగా, నైపుణ్యం విషయంలో ఇంత ఉదారంగా ఉన్న ఈ సంప్రదాయం, పనివాని ప్రాణం దగ్గరకు వచ్చేసరికి ఎక్కడ నిలిచింది? ఇక్కడ సమాధానం సులువుగా లేదు, దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. బావిలో, గనిలో కలిగిన ప్రాణనష్టానికి పరిహారం లేదన్న ప్రవచనం బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్నది. తన భూమిలో బావి తవ్వించడానికి కూలివానిని పెట్టుకుంటే, అది కూలి అతడు చనిపోయినా యజమానిపై దియత్ పడదని ఇమామ్ నవవీ మొదలైన వ్యాఖ్యాతలు వివరించారు. హనఫీ గ్రంథాలలో దీనికి మరొక రూపం ఉన్నది. నలుగురు కూలివారు తవ్వుతుండగా వారి తవ్వకం వల్లనే బావి కూలి ఒకడు చనిపోతే, మిగిలిన ముగ్గురిలో ఒక్కొక్కరిపై దియత్‌లో నాలుగవ వంతు పడుతుంది. చనిపోయినవాని వంతు రద్దవుతుంది. తర్కం నిర్దుష్టంగా ఉన్నది. నలుగురి చేతులూ ఆ తవ్వకంలో ఉన్నాయి గనుక నలుగురూ కారకులే. కాని లెక్కలో యజమాని పేరు లేదు. తోటివానిని పోగొట్టుకున్న ముగ్గురు కూలివారి మీదే భారం పడింది.

అదే ఫిఖహ్ దారిన పోయేవానికి మాత్రం గట్టి రక్షణ కల్పించింది. వీధివైపు ఒరిగిన గోడను పడగొట్టమని హెచ్చరించినా యజమాని ఊరుకుంటే, ఆ గోడ కింద చనిపోయినవాని దియత్‌కు బాధ్యత అతనిదేనని హిదాయా చెబుతుంది. వీధిలోకి వసారా దించే పనిలో ఉండగా అది కూలి బాటసారి చనిపోతే పనివారిది బాధ్యత, పని ముగించాక కూలితే ఇస్తిహ్సాన్ ప్రకారం యజమానిది. అంటే ముందుగా తెలిసిన ప్రమాదాన్ని తొలగించనివాడు బాధ్యుడన్న సూత్రం ఫఖీహుల చేతిలో ఉండనే ఉన్నది. గోడ అవతల నడిచేవానికి వర్తించిన ఆ సూత్రాన్ని గోడ మీద నిలబడినవానికీ వర్తింపజేయడానికి ఖియాస్ ఒక అడుగు వేస్తే చాలు. శతాబ్దాల పాటు ఆ అడుగు సాధారణంగా పడలేదు. ఈ లోపం ఇస్లామీయ న్యాయశాస్త్రానికే ప్రత్యేకం కాదు. ఇంగ్లండు న్యాయస్థానాలు 1837 నాటి ఒక తీర్పు మొదలుకొని, తోటి పనివాని తప్పు వల్ల గాయపడినవానికి యజమాని జవాబుదారీ కాడన్న సూత్రాన్నే పట్టుకుని కూర్చున్నాయి. దాన్ని మార్చడానికి 1880లో, 1897లో పార్లమెంటు చట్టాలు అవసరమయ్యాయి. భారతదేశంలో కార్మిక నష్టపరిహార చట్టం 1923లో వచ్చింది.

ఉస్మానియా ప్రభుత్వం 1869, 1876 మధ్య రూపొందించిన మజల్లా కూడా కూలి విషయంలోనే ముందడుగు వేసింది. యజమాని దగ్గర పనికి సిద్ధంగా హాజరైన అజీరె ఖాస్‌కు, పని చెప్పకపోయినా కూలి ముట్టాలని దాని 425వ నిబంధన. వాన పడి సున్నం కలపని రోజున తాపీ పనివానికి ఈ నిబంధన విలువ తెలుస్తుంది. పనివేళలు సూర్యోదయం నుంచి అస్ర్ వరకా, సూర్యాస్తమయం వరకా అన్నది ఊరి ఆచారం నిర్ణయిస్తుందని 495వ నిబంధన. పని మీద పోయిన ప్రాణానికి మాత్రం పాత మాటే.

హైదరాబాదు మక్కా మసీదు నిర్మాణం 1617లో సుల్తాన్ ముహమ్మద్ కుతుబ్ షా కాలంలో మొదలై 1694లో ఔరంగజేబు హయాంలో ముగిసింది. పని నడుస్తుండగా చూచిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, మిహ్రాబ్ ఉండే భాగపు శిలను గనిలో తొలచడానికే అయిదేళ్ళు పట్టిందని, అయిదారు వందల మంది ఎడతెగకుండా పనిచేశారని, దాన్ని లాగడానికి 1,400 ఎడ్లు కట్టారని చెప్పగా విని వ్రాసుకున్నాడు. ఎడ్ల సంఖ్య చెప్పినవారున్నారు. ఆ అయిదేళ్ళలో రాతి కింద ఎందరు నలిగారో అతనికి ఎవరూ చెప్పలేదు, అతడూ అడిగినట్లు లేదు.

1970ల చమురు ధరల పెరుగుదల తరువాత కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి తాపీ పనివారు, సెంట్రింగ్ పనివారు, మామూలు కూలీలు గల్ఫ్ దేశాలకు బయలుదేరారు. ఇజారా ఒప్పందం పుట్టిన భూభాగంలోనే కఫాలా పద్ధతి వారి పాస్‌పోర్టును, ఉద్యోగం మార్చుకునే హక్కును యజమాని చేతిలో పెట్టింది. మార్పు ఆలస్యంగా వచ్చింది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2009లో, వేతనాలు బ్యాంకుల ద్వారానే చెల్లించి లెక్క చూపాలన్న వ్యవస్థను ప్రవేశపెట్టింది. ఖతర్ 2020లో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మార్చుకునే వీలు కల్పించి, 2021 మార్చి నుంచి నెలకు 1,000 రియాళ్ళ కనీస వేతనం అమలు చేసింది. అదే సంవత్సరం, జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు పగలు పది గంటల నుంచి మూడున్నర వరకు ఆరుబయట పని నిషేధించింది. ఎండ, తేమ కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళనైనా పని ఆపాలన్నది.

భారతదేశంలో భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. దానితో పాటు వచ్చిన సెస్సు చట్టం, నిర్మాణ వ్యయంలో 1 నుంచి 2 శాతం సెస్సు వసూలు చేసి సంక్షేమానికి వెచ్చించాలని నిర్దేశించింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా నియమావళి భవన నిర్మాణ కార్మికుల చట్టాన్ని తనలో కలుపుకుంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ఖతర్‌పై వెలువరించిన నివేదిక, 2020లో పని కారణంగా 50 మంది మరణించారని, 500 మందికి పైగా తీవ్రంగా గాయపడ్డారని లెక్క కట్టింది. ఆరోగ్యంగా కనిపించిన యువ కార్మికుల మరణాలు కొన్ని తగిన విచారణ లేకుండా సహజ మరణాలుగా నమోదవుతున్నాయని కూడా అది ఎత్తిచూపింది. సహజ మరణమని వ్రాసిన ధ్రువపత్రం చేతికి వచ్చాక ఇంటివారికి పరిహారం అడిగే దారి మూసుకుపోతుంది. బావిలో పోయినవాని దియత్ గురించి ఫఖీహులు వ్రాసిన పుటను ఈ ధ్రువపత్రం పక్కన పెట్టి చదవవలసి ఉన్నది.